1920 నాటి 'ట్రెజర్ ఐలాండ్' మూకీ నిజంగానే పోయిందా? ఎక్కడైనా ఒక్క రీలైనా ఉందా?

కాంచనద్వీపవాసి:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొరపాట్లుంటే సర్దుకోండి.

చిన్నప్పుడు స్టీవెన్‌సన్ నవల 'ట్రెజర్ ఐలాండ్' కి నండూరి రామమోహనరావు గారి తెలుగు, 'కాంచన ద్వీపం', అట్ట ఊడిపోయేదాకా చదివినవాణ్ణి. అందరికీ ఒంటికాలి దొంగ సిల్వర్ గుర్తుంటాడు, నాకు మాత్రం గుడ్డి ప్యూ. మంచు కమ్మిన మధ్యాహ్నం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, దీనంగా దారి అడిగి, పాపం కదా అని కథ చెప్పే కుర్రాడు జిమ్ చెయ్యి అందిస్తే ఉడుంపట్టు పట్టేస్తాడు చూడండి, అక్కడ పుస్తకం మూసేసి వంటింట్లో అమ్మ దగ్గరికి పోయి కూర్చునేవాణ్ణి.

రెండు వారాల కింద వేరే దేనికోసమో వెతుకుతుంటే ఒక స్టిల్ కంటబడింది. 1920లో పారమౌంట్ విడుదల చేసిన మూకీ 'ట్రెజర్ ఐలాండ్', దర్శకుడు మోరిస్ టూర్నర్, గుడ్డి ప్యూగా ఆ రోజుల నటుడు లాన్ చానీ. పదేళ్ల వయసులో నేను ఊహించుకున్న మనిషి అచ్చంగా వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. ఇక ఆ సినిమా చూడకుండా ఉండలేక వేట మొదలుపెట్టాను.

ఒక ఛానెల్లో "1920 పూర్తి సినిమా, అరుదైన ప్రింట్" అని గంటన్నర పైన వీడియో దొరికింది. గోధుమరంగు బొమ్మ, మాట లేదు, వెనకాల పియానో. సంబరంగా చూడటం మొదలుపెట్టా గానీ 20 నిమిషాలయ్యేసరికి తేడా కొట్టింది. అందరూ తెగ పెదాలు కదుపుతున్నారు, మధ్యలో మాటలు రాసి చూపే టైటిల్ కార్డు ఒక్కటంటే ఒక్కటి లేదు, ప్యూ వేషం వేసినాయన చానీ కానే కాదు. మిగతా చోట్లన్నీ "లాస్ట్ ఫిల్మ్", అంటే పోయిన సినిమా, అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

అసలు "పోయింది" అని ఎవరు తేలుస్తారు? పారమౌంట్ అంత పెద్ద కంపెనీ సొంత సినిమా ఎలా పోగొట్టుకుంటుంది? దొరికే ఆశ ఏమైనా ఉందా, లేక నేను ఆ స్టిల్ ప్రింటు తీయించి గోడకి తగిలించుకుని ఊరుకోవాలా?

మూకీమామ:

ముందు ఆ వీడియో సంగతి తేల్చేద్దాం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది 1934 నాటి ఎం.జి.ఎం. టాకీ, విక్టర్ ఫ్లెమింగ్ తీసింది. సౌండు పీకేసి, రంగు పులిమి, 1920 అని బోర్డు తగిలించారు. అందులో సిల్వర్ వేషం వాలెస్ బీరీది, జిమ్ వేషం జాకీ కూపర్ది. మళ్లీ తెరిచి సిల్వర్ మొహం చూడండి, చిన్న కళ్లు, బండ మొహం, పెద్ద శరీరం కనిపిస్తే అది బీరీయే. ఆయన్ని ఒకసారి చూస్తే మర్చిపోవడం కష్టం.

ఇక "పోయింది" అనే మాట. దానికి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసంటూ ఏదీ లేదండి. పాత సినిమాలు భద్రపరిచే ఫిల్మ్ ఆర్కైవులు ప్రపంచమంతటా తమ దగ్గరేమున్నాయో జాబితాలు పెట్టుకుంటాయి, వాటిల్లో దేన్లోనూ ప్రింటు కనబడకపోతే లాస్ట్ అంటారు. అంటే చనిపోయాడని తేలిన మనిషి కాదు, తప్పిపోయాడని ఫిర్యాదు ఉన్న మనిషి అనుకోండి. నూటికి తొంభై మంది ఇక తిరిగిరారు, అది వేరే విషయం.

ఈ సినిమా పోవడం నాకూ బాధే. ఎందుకంటే కాగితం మీద చూస్తేనే నోరూరుతుంది. టూర్నర్ పారిస్ మనిషి, కుర్రతనంలో శిల్పి రోడాన్ దగ్గర సహాయకుడిగా చేశాడు, 1914లో అమెరికా వచ్చాడు. తెర ముందు భాగంలో చీకటి ఆకారాలు నిలబెట్టి వాటి వెనకాల వెలుగు పరిచి చూపడం ఆయన ప్రత్యేకత. గుహ నోటి దగ్గర నిలబడ్డ మనిషి నల్లటి నీడలా, బయట ఆకాశం తెల్లగా, అలాంటివి. ఆ కళ్లతో ఓడ, కోట, నిధి గొయ్యి ఎలా తీసుంటాడో ఊహించుకోండి.

చానీ ఇందులో రెండు వేషాలు వేశాడు, ప్యూ ఒకటి, సిల్వర్ ముఠాలోని జార్జ్ మెర్రీ ఒకటి. నాకు దీన్లో నచ్చిన తెలివేంటంటే, నవలలో ప్యూ ఓడ బయల్దేరకముందే గుర్రాల కింద పడి చస్తాడు కదా, మెర్రీతో మనకి పని పడేది ఆ తర్వాతే. ఇద్దరూ ఒకే సీన్లో ఎదురుపడే ప్రశ్నే లేదు. ఒక వేషం తుడుచుకుని ఇంకోటి వేసుకోవడానికి స్టీవెన్‌సనే దారి ఇచ్చినట్టయింది. పైగా ఒకడు నల్లమచ్చ, అంటే దొంగల తాఖీదు, తెచ్చి జిమ్ వాళ్ల సత్రంలో దిగిన కెప్టెన్ చావుకు కారణమవుతాడు, ఇంకొకడు సిల్వర్ మీదే తిరగబడి ఆ నిధి గొయ్యి దగ్గర సిల్వర్ చేతిలోనే చస్తాడు. రెండు చావులూ ఒకే నటుడివి!

సిల్వర్‌గా వేసింది చార్లెస్ ఓగల్. 1910లో ఎడిసన్ కంపెనీ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' లో రాక్షసుడు ఈయనే. గుర్తుపెట్టుకోండి, ఈ ముక్క మళ్లీ పనికొస్తుంది. ఇక జిమ్ హాకిన్స్ వేసింది షిర్లీ మేసన్ అనే అమ్మాయి. అవును, అమ్మాయే.

పారమౌంట్ ఎలా పోగొట్టుకుందంటే, ఒక్క పారమౌంట్ కాదు, అందరూ పోగొట్టుకున్నారు. 2013లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒక లెక్క బయటపెట్టింది. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో విడుదలైన ఫీచర్ (పూర్తి నిడివి) మూకీలు 10,919. వాటిలో అసలు 35 ఎం.ఎం. రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. విదేశీ ప్రింట్లుగానో, చిన్న సైజు ఫిల్ము మీదో మిగిలినవి ఇంకో 11 శాతం. ముక్కలు ముక్కలుగా ఉన్నవి 5. మిగతా 70 శాతం గాలికి పోయినట్టే. మీ సినిమా ఆ 70లో ఉంది.

కాంచనద్వీపవాసి:

మామగారూ చాలా థాంక్సండి. సిల్వర్ మొహం మళ్లీ చూశా. బీరీయే. జాకీ కూపర్ కూడా ఉన్నాడు. ఇంత మోసమా.

జిమ్ వేషం అమ్మాయితో వేయించడం మాత్రం జీర్ణం కావడంలేదు. ఆ నవల్లో ఆడవాళ్లే లేరు, జిమ్ తల్లిని తీసేస్తే. అమ్మాయిని పెట్టడం దేనికి?

మూకీమామ:

మన నాటకాల్లో స్థానం నరసింహారావు గారు సత్యభామ కట్టి జనాన్ని ఊపేయలేదా, అక్కడ దానికి తలకిందులు. కుర్రాళ్ల పాత్రలు ఆడవాళ్లు వేయడం ఇంగ్లీషు, అమెరికా రంగస్థలం మీద పాత అలవాటు. 1921లో మేరీ పిక్‌ఫోర్డ్ కూడా 'లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్' లో బాబు వేషం వేసింది, అదే సినిమాలో తల్లి వేషం కూడా తనే. పన్నెండు పదమూడేళ్ల నిజం కుర్రాడైతే రోజంతా లైట్ల కింద నిలబెట్టడం కష్టం, ఇరవయ్యేళ్ల పొట్టి అమ్మాయైతే చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

మీకు అది జీర్ణం కాకపోతే ఇది వినండి. 1918లో ఫాక్స్ కంపెనీ ఇదే నవలను దాదాపు అందరూ పిల్లలతోనే తీసింది. సముద్రపు దొంగలు కూడా పిల్లలే! సిల్వర్ వేసింది వయొలెట్ రాడ్‌క్లిఫ్ అనే చిన్నపిల్ల. ఫాక్స్ వాళ్ల మూకీల గతి ఇంకా ఘోరం. 1937 జులైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో వాళ్ల ఫిల్ము గోడౌన్ తగలబడి అంతకుముందు తీసినవాటిలో చాలా భాగం ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి.

సందేహాలరావు:

అందరూ ఏడుస్తున్నారు గనక ఎవరో ఒకరు ఈ మాట అనాలి, నేనే అంటా. ఇదే కథ 1934లో తీశారు, ఆ తర్వాత ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు. నవల అంగుళం చెక్కుచెదరకుండా ఉంది. అసలు సినిమా ఎవరూ చూడలేదు కాబట్టి గొప్పదైపోయింది. పోయిన సినిమాలన్నీ కళాఖండాలే, పోయిన వాళ్లంతా దేవుళ్లయినట్టు. రేపు దొరికి చూస్తే "ఇంతేనా" అంటారేమో. చానీ ప్యూ ఉండేదే నాలుగు నిమిషాలు.

మూకీమామ:

రావుగారి మాట పూర్తిగా కొట్టేయను, నాలుగు నిమిషాలే అయి ఉండొచ్చు. కానీ ఒక్కటి చూడండి. అదే 1920లో అదే టూర్నర్ ఇంకో సాహస నవలకు కూడా సినిమా తీశాడు, 'ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్'. షూటింగులో ఆయనకి దెబ్బ తగిలితే అసిస్టెంటు క్లారెన్స్ బ్రౌన్ చాలా భాగం పూర్తిచేశాడు. అది మిగిలింది, 1995లో భద్రపరచాల్సిన సినిమాల జాబితా, అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు, ఈరోజు మీరు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఒకే ఏడు, ఒకే దర్శకుడు, రెండూ నవలలే, ఒకటి జాతి సంపద, ఇంకోటి గాల్లో కలిసింది. బాగున్నది మిగిలింది, బాగోలేనిది పోయింది అనుకోవడం మన భ్రమ. డబ్బా ఏ గదిలో ఉంది, ఆ గదికి తాళం ఎవరి చేతిలో ఉంది, అంతే తేడా.

పాత ఆపరేటర్:

నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాను చాలా ఏళ్లు, ఇప్పుడు అంతా హార్డ్ డిస్కు కదా, మా పని పోయింది. "ఎలా పోతుంది" అని అడిగారు గనక ఆ సంగతి చెప్తా.

1920లో ఫిల్మంటే నైట్రేటు. నేను ఎక్కించింది దాని తర్వాత వచ్చిన, అలా అంటుకోని అసిటేటే, నైట్రేటు ముట్టుకోలేదు, కానీ నాకు పని నేర్పినాయన దాని పేరెత్తితే చాలు బీడీ అవతల పారేసేవాడు. అది కాలడానికి బయటి గాలి అక్కర్లేదు, దాని రసాయనంలోనే ఆక్సిజన్ ఉంటుంది. నీళ్లలో ముంచినా మండుతుంది. ఇసక పోసినా ఆగదు. అందుకే పాత హాళ్లలో కేబిన్‌కి లావు గోడలు, అద్దం కంతలకి ఇనప రేకు షట్టర్లు ఉండేవి, లోపల అంటుకుంటే అవి పడిపోయి జనం వైపు మంట రాకుండా. కొడాక్ వాళ్లు ఆ నైట్రేటు తయారీ 1950ల మొదట్లో మానేశారు.

కాలకపోయినా ఊరుకోదు. కాలం గడిచేకొద్దీ బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత జిగురొస్తుంది, చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, మీద తేనెలాంటి నురగ కడుతుంది, చివరికి డబ్బా మూత తీస్తే ఎర్రమట్టి లాంటి పొడి. అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్క డబ్బాల్ని కూడా తినేస్తుంది. అంటే ఒక రీలు చెడితే గది మొత్తానికి జబ్బు. చల్లగా పొడిగా పెడితే మాత్రం వందేళ్లయినా తళతళలాడుతూ ఉంటుందట, నైట్రేటు బొమ్మలో ఉన్న మెరుపు తర్వాత వచ్చిన వాటిలో లేదని పెద్దవాళ్లు అనేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మనుషులు చేసింది ఇంకో ఎత్తు. టాకీలు వచ్చాక మూకీ ప్రింటు అంటే చెత్త. అద్దెకి ఎవరూ తీసుకోరు, గోడౌన్ అద్దె మాత్రం కట్టాలి, ఇన్సూరెన్స్ వాడు నైట్రేటు ఉందంటే మొహం చిట్లిస్తాడు. కానీ ఫిల్ము మీద వెండి ఉంటుంది కదా. కరిగించి వెండి తీసుకునేవాళ్లు. మన దగ్గర పాత పట్టుచీర కాల్చి జరీ వెండి తీసినట్టే. పారమౌంట్ వాడు పారేసుకున్నాడని అనకండి, లెక్క చూసుకుని వదిలించుకున్నారు అప్పటి వాళ్లంతా.

అసిటేటు వచ్చాక భద్రం అనుకుంటే అదీ చిరంజీవి కాదు, తేమ తగిలితే పులిసిపోతుంది. ఆ పులుపు వాసన కేబిన్‌లోకి అడుగుపెట్టగానే తెలిసిపోయేది నాకు. ఇప్పటికీ ఊరగాయ జాడీ మూత తీస్తే అదే గుర్తొస్తుంది.

లంగరు:

ఆపరేటర్ గారి పోస్టు చదివి చేతులు కడుక్కోవాలనిపించింది, అంత బాగా రాశారు.

ఆశ గురించి అడిగారు గనక నేను ఆశావాదుల పార్టీ. దొరికినవన్నీ ఒకసారి వరసగా చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది, అవి దొరికింది భద్రంగా దాచినచోట్ల కాదు, తిరిగి పంపడం ఎవరూ పట్టించుకోనిచోట్ల. కెనడాలో డాసన్ సిటీ అని ఉత్తరాన మూలకు ఉన్న ఊరు. ప్రింటు ఊళ్లన్నీ తిరిగి తిరిగి చివరికి అక్కడికి చేరేది, మన భాషలో చెప్పాలంటే సి సెంటర్లలో కూడా ఆఖరి సెంటర్. అక్కణ్ణించి వెనక్కి తెప్పించుకునే ఖర్చు దండగని కంపెనీలు వదిలేశాయి. ఊళ్లో వాళ్లు కొన్ని నదిలో పారేసి, కొన్ని పాత ఈతకొలను పూడ్చడానికి మట్టితోపాటు వేసేశారు. 1978లో తవ్వితే 533 రీళ్లు బయటపడ్డాయి. కింద నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండటంతో అంతకాలం ఆగాయి. పాతిపెట్టిన నిధి అంటే ఇదే కదా, మ్యాపు ఒక్కటే తక్కువ.

2010లో న్యూజీలాండ్ నుంచి 75 అమెరికన్ సినిమాలు ఇంటిదారి పట్టాయి, జాన్ ఫోర్డ్ తీసిన 'అప్‌స్ట్రీమ్' అందులోదే. అదే ఏడు రష్యా ఆర్కైవు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి పది మూకీల డిజిటల్ కాపీలు ఇచ్చింది, వాటిలో 1923 నాటి 'కాల్ ఆఫ్ ద వైల్డ్' ఉంది, అదీ నవలే, అదీ సాహసమే. 'బియాండ్ ద రాక్స్' అనే మూకీ నెదర్లాండ్స్‌లో ఒక సేకరణకర్త వస్తువుల్లో దొరికింది. ఇక మామగారు గుర్తుపెట్టుకోమన్న ఓగల్ సంగతి, ఆయన రాక్షసుడిగా వేసిన 1910 'ఫ్రాంకెన్‌స్టైన్' కూడా పోయిందనే అనుకున్నారు చాలాకాలం. తీరా అది అమెరికాలోనే విస్కాన్సిన్‌లో ఒక ప్రైవేటు సేకరణకర్త దగ్గర ఉంది! సిల్వర్ మొహం ఒకసారి తిరిగొచ్చింది, రెండోసారి రాకూడదని రూలేం లేదుగా.

'ద లాస్ట్ వరల్డ్' అనే మూకీ కథ ఇంకా వింత. అసలు ప్రింట్లు వెనక్కి తెప్పించేశారు, ఇంట్లో చూసుకోవడానికి అద్దెకిచ్చే 16 ఎం.ఎం. కుదింపు కాపీలు మాత్రం మిగిలాయి. చాలా ఏళ్లు జనం చూసింది ఆ కుదింపే. తర్వాత చెక్ దేశంలో ఒక పొడుగు ప్రింటు దొరికాక రెండూ కలిపి కుట్టారు.

ఈ సేకరణకర్తల దగ్గరున్న ప్రింట్లలో సగం కాగితాలు లేనివే. అద్దెకి తీసుకుని తిరిగివ్వనివి, కరిగించమని పంపితే మధ్యలో మాయమైనవి, దొంగచాటుగా కాపీ తీసినవి. కంపెనీ భాషలో శుద్ధ పైరసీ. సముద్రపు దొంగల సినిమా ఎప్పటికైనా దొరికితే సినిమా దొంగల ఇంట్లోనే దొరుకుతుందని నా పందెం.

సందేహాలరావు:

హహహ. సరే, ఈ ఒక్క పోస్టుకి లైకు కొడుతున్నా.

రీళ్లడబ్బా:

లంగరు గారి పైరసీ సూత్రానికి మన పక్కింటి సాక్ష్యం ఒకటి. సి.వి. రామన్ పిళ్ళై 1891లో రాసిన మలయాళ నవల 'మార్తాండ వర్మ' ను 1933లో మూకీగా తీశారు. నవల హక్కులున్న పుస్తకాల కంపెనీ కోర్టుకెక్కింది, సినిమా ఆగిపోయింది, ప్రింటు ఆ పుస్తకాల కంపెనీ చేతికే వచ్చింది. నిర్మాతకి పెద్ద దెబ్బ. కానీ అలా మూలన పడి ఉండబట్టే 1974లో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ చేతికి చేరింది. కేసు లేకుండా హాయిగా ఆడి ఉంటే ఊరూరా తిరిగి అరిగి పోయేది. మన తెలుగువాళ్ల తొలి మూకీ, ఇప్పుడు దొరకని 'భీష్మ ప్రతిజ్ఞ' మీద ఎవరూ కేసు వేయలేదు, అదే దాని దురదృష్టం.

అడిగినాయనకి ఒక పనికొచ్చే మాట. స్టిల్ గోడకి తగిలించుకోవడం గురించి వెటకారంగా రాశారు గానీ స్టిల్స్ చిన్న విషయం కాదు. చానీదే 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అని 1927 సినిమా, దాని ఆఖరి ప్రింటు 1965లో ఎం.జి.ఎం. గోడౌన్ అగ్నిప్రమాదంలో పోయింది. 2002లో ఒక టీవీ ఛానెల్ స్టిల్స్ అన్నీ పోగేసి, స్క్రిప్టు ప్రకారం పేర్చి, టైటిల్ కార్డులు పెట్టి ముప్పావుగంట సినిమాగా కట్టింది. కదలదు, కానీ కథ తెలుస్తుంది. నాకైతే అది శవపేటిక చుట్టూ తిరుగుతున్నట్టే ఉంది, నచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

స్టిల్స్‌తో అసలు ఉపయోగం ఇంకోటి ఉంది. ఆర్కైవుల్లో పేరు తెలియని రీళ్లు బోలెడు ఉంటాయి. మొదటి రీలు లేదు, కాబట్టి పేరు లేదు. విదేశీ ప్రింటైతే కార్డులన్నీ వేరే భాషలో, పాత్రల పేర్లు కూడా మార్చేసి ఉంటాయి. మధ్యలో తెగిన ఎనిమిది నిమిషాలు చూసి ఇది ఏ సినిమా అని చెప్పాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు 2012 నుంచి వర్జీనియాలో 'మోస్ట్‌లీ లాస్ట్' అని ఒక సమావేశం పెట్టారు, హాల్లో ఆ ముక్కలు వేస్తారు, కూర్చున్నవాళ్లు గట్టిగా అరిచి చెప్పొచ్చు, ఆ నటుడు ఫలానా, ఆ కారు ఫలానా మోడలు, వెనక కనిపించే కొండ ఫలానా అని. ఇంకొందరు ఫిల్ము అంచున కొడాక్ వేసే గుర్తులు చూసి ఆ ఫిల్ము ఏ ఏడు తయారైందో చెప్తారు. అలాంటి చోట ఒక ముసుగు మనిషి కర్రతో నడిచొస్తున్న బొమ్మ పడితే, ఆ స్టిల్ బాగా చూసినవాడు ఒక్కడు హాల్లో ఉంటే చాలు.

అన్నట్టు, చానీ పేరు మోగించిన 'ద మిరకిల్ మ్యాన్' కూడా పోయిందే గానీ, అందులో కొన్ని నిమిషాలు మిగిలాయి. పారమౌంట్ 1931లో తన గొప్పలు చెప్పుకునే సినిమా ఒకటి తీసి అందులో పాతవాటి ముక్కలు వాడుకోబట్టి. సొంత డబ్బా కొట్టుకోవడం వల్ల ప్రపంచానికి జరిగిన మేలు అదొక్కటే.

మూకీమామ:

ఇంకొక్క మాట, ఆకలి తీరకపోయినా ఆకలి చంపుతుంది. 1919లో టూర్నర్, చానీ కలిసి చేసిన 'విక్టరీ' చూడండి, ఇంగ్లీషు రచయిత జోసెఫ్ కాన్రాడ్ నవల, అది మిగిలింది, గంట పైన ఉంటుంది. ఒక దీవిలో ఒంటరిగా బతుకుతున్నాయన దగ్గర నిధి ఉందని ఎవరో ఎగదోస్తే ముగ్గురు దుర్మార్గులు పడవ వేసుకుని వస్తారు. ఆ ముగ్గురిలో ఒకడు చానీ. ఎగదోసేవాడు ఎవరనుకున్నారు, మీ వాలెస్ బీరీ! కాన్రాడ్ ముగింపుని మార్చి సుఖాంతం చేసేశారు, దానికి మాత్రం తిట్టుకోండి.

కాంచనద్వీపవాసి:

నిన్న రాత్రి 'విక్టరీ' చూశాను, అందుకే ఆలస్యం.

చానీ గురించి ఇంత వింటే మేకప్పు మనిషి అనుకున్నాను. ఇందులో పెద్ద మేకప్పు లేదు, మామూలు మొహమే. ఊరికే కూర్చుని అవతలివాణ్ణి చూస్తుంటాడు, ఆ చూపుకే ఇప్పుడేదో చేస్తాడు అని నాకు గాభరా. సినిమా అయ్యాక ప్యూ స్టిల్ మళ్లీ తెరిచాను. ఇంతకుముందు ఆ ముసుగూ ఆ గెటప్పూ మాత్రమే చూశాను, ఈసారి ఆ చేతులు చూశాను. జిమ్‌ని ఎలా పట్టుకునేవాడో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. రావుగారన్నట్టు నాలుగు నిమిషాలే కావచ్చండీ, నాకు ఆ నాలుగే కావాలి.

స్టిల్ ప్రింటుకి ఇచ్చాను, గోడకే. ఎప్పుడైనా ఎవరైనా పేరు లేని రీలు చూపిస్తే అరవడానికి సిద్ధంగా ఉంటా.

ఆ ఫేక్ వీడియో కింద "ఇది 1934 టాకీ, సౌండు తీసేశారు, 1920ది దొరకలేదు" అని మర్యాదగానే కామెంట్ పెట్టాను. పొద్దున చూస్తే వీడియో అలాగే ఉంది, నా కామెంటే లాస్ట్.